రొయ్యల ఖాతాల సాఫ్ట్‌వేర్‌ను వియత్నాం బృందంతో రాయిస్తే: భీమవరం మేత వ్యాపారి సమీక్ష

హో చి మిన్ నగరంలోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ మా దుకాణానికి రొయ్యల చెరువుల ఖాతాల యాప్ తయారుచేసి ఇచ్చింది. ఈ సమీక్ష ఆ యాప్ గురించీ, అంతకంటే ఎక్కువగా ఆ పని జరిగిన తీరు గురించీ. ఒప్పందంలో గోప్యత నిబంధన ఉన్నందున సంస్థ పేరు రాయడం లేదు. యాప్ ఇప్పుడు రోజూ వాడుకలో ఉంది, మా పాత ఖాతా పుస్తకాలు చాలావరకు అటకెక్కాయి, కాబట్టి దీన్ని మోసపోయినవాడి ఫిర్యాదుగా చదవనక్కరలేదు. అయితే గంటకు ఇన్ని డాలర్లన్న కొటేషన్ చూసి విదేశీ బృందానికి పని అప్పగించాలనుకునే డెల్టా వ్యాపారులు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. మాకు ఖర్చు పెరిగింది ఆ బృందానికి పని రాక కాదు. ఇక్కడ అందరికీ తెలిసినదే కదా అని ఎవరూ కాగితం మీద పెట్టని విషయాల వల్ల.

మాది భీమవరంలో రొయ్యల మేత, ప్రోబయోటిక్స్, మినరల్స్, ఏరేటర్ల విడిభాగాలు అమ్మే వ్యాపారం. ఉండి, కాళ్ల, ఆకివీడు, పాలకోడేరు మండలాల రైతులు మా దగ్గర మేత అప్పుగా తీసుకుని, పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక ఖాతా తేల్చుకుంటారు. 2009లో వెనామీ రకం రొయ్యల పెంపకానికి మన దేశంలో అనుమతి వచ్చిన తరువాత ఈ ప్రాంతంలో చెరువులూ మేత అమ్మకాలూ పెరిగిన కొద్దీ ఖాతాల చిక్కు కూడా పెరిగింది. ఏ చెరువుకు ఎన్ని కట్టల మేత వెళ్లింది, సీడు (రొయ్య పిల్లలు) వేసి ఎన్ని రోజులైంది, చెక్ ట్రేలో (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడడానికి చెరువులో ఉంచే పళ్లెం) మేత మిగులుతోందా, పట్టుబడి ఏ కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు) వచ్చింది, ఏ రేటు పలికింది, అందులో మా బాకీ పోగా రైతు చేతికి ఎంత వెళ్లాలి అన్నవన్నీ ఒకచోట కనిపించే యాప్ కావాలన్నది మా కోరిక.

వియత్నాం ఎందుకన్న ప్రశ్న మా గుమస్తాల దగ్గర నుంచి ఆడిటర్ వరకు అందరూ అడిగారు. మీకాంగ్ డెల్టాలో కూడా వెనామీయే పెంచుతారు. ఈ సంస్థ అక్కడి రైతుల కోసం అప్పటికే ఒక యాప్ చేసి నడుపుతోంది. భీమవరంలోనే 1980లో మొదలైన ఎస్.ఆర్.కె.ఆర్. ఇంజనీరింగ్ కళాశాల ఉన్నా, చదువు పూర్తయిన పిల్లల్లో ఎక్కువమంది హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోతారు. ఇక్కడ మిగిలిన చిన్న బృందాలు తక్కువ ధరే చెప్పాయి గాని, రెండేళ్ల తరువాత తప్పు దొరికితే ఫోనెత్తడానికి ఎవరుంటారన్న ప్రశ్నకు ధైర్యంగా జవాబు చెప్పినవారు లేరు. మన గోదావరి జిల్లాల్లో ఏ వీధికి వెళ్లినా అమెరికా కంపెనీల కోసం అర్ధరాత్రి దాకా మేల్కొని పనిచేసే అబ్బాయో అమ్మాయో కనిపిస్తారు. ఇన్నాళ్లూ ఆ పిల్లల నోట క్లయింటు గురించి విన్న ఫిర్యాదులన్నీ, క్లయింటు కుర్చీలో కూర్చున్నాక మా మీదే ఎంత బాగా అతుకుతాయో తెలిసివచ్చింది.

ముందు బాగున్నవి చెబుతాను. రొయ్యల గురించి వాళ్లకు మేము నేర్పవలసిన అవసరం లేకపోయింది. డీవోసీ అంటే సీడు వేసినప్పటి నుంచి లెక్కించే రోజులనీ, ఎఫ్‌సీఆర్ అంటే కిలో రొయ్యకు ఖర్చయిన మేత అనీ, కౌంటు అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య అనీ తొలి సమావేశంలోనే వాళ్లు మాట్లాడుతుంటే, హైదరాబాదులోని ఒక పెద్ద సంస్థ ప్రతినిధి కౌంటు తగ్గితే రేటు ఎందుకు పెరుగుతుందని మమ్మల్ని అడిగిన సందర్భం గుర్తుకు వచ్చింది. కాలమానం తేడా కూడా ఇబ్బంది పెట్టలేదు. వాళ్ల గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది, కాబట్టి వాళ్ల పని ముగిసే సాయంత్రం ఐదున్నరకు మనకు నాలుగు గంటలే. ప్రతి వారం చేసిన పనిని తెరమీద చూపించేవారు, చూపించినది నిజంగా పనిచేసేది.

మొదటి చిక్కు అంకెల దగ్గర వచ్చింది. వియత్నాంలో వేలను విడదీయడానికి చుక్క పెడతారు, దశాంశానికి కామా పెడతారు; మనది సరిగ్గా దానికి తలకిందులు. కాటా చీటీలో 312.450 కిలోలని ఉన్నదాన్ని మా గుమస్తా అలాగే నమోదు చేస్తే, సర్వర్ దాన్ని మూడు లక్షల పన్నెండు వేల నాలుగువందల యాభై కిలోలుగా తీసుకుంది. ఇంత పెద్ద తప్పు కంటికి కనిపిస్తుంది కాబట్టి నష్టం జరగలేదు. కాని అదే లోపం యూనిట్ రేట్లలో చేరి ఉంటే ఎన్నాళ్లకు పట్టుబడేదో చెప్పలేను. మొత్తాలను కూడా మొదట 1,245,000 అని చూపించేవారు. 12,45,000 అని చూడడానికి అలవాటుపడిన కళ్లకు లక్షలు ఎక్కడ మొదలవుతాయో పోల్చుకోవడం కష్టమైంది. సరిదిద్దడానికి పట్టిన సమయం తక్కువే. ప్రాంతాన్ని భారతదేశంగా అమర్చి, సర్వర్‌లోనూ ఫోన్‌లోనూ ఒకే నియమం పెట్టేసరికి రెండూ కుదురుకున్నాయి. కొలతలదీ అదే కథ: వాళ్ల పాత యాప్‌లో చెరువు విస్తీర్ణం చదరపు మీటర్లలో ఉండేది, మాకు ఎకరాలూ సెంట్లూ కావాలి.

వడ్డీ లెక్క దగ్గర మాత్రం నష్టం జరిగేదే. మేత బాకీ మీద మేము వేసే వడ్డీ నూటికి నెలకు ఇంత అన్న పద్ధతిలో ఉంటుంది, ఈ ప్రాంతంలో అందరూ అలాగే మాట్లాడుకుంటారు. అవసరాల పత్రంలో శాతం మాత్రమే ఉంది, నెలకా సంవత్సరానికా అన్నది లేదు. బృందం దాన్ని వార్షిక రేటుగా తీసుకుని ఎంతో శ్రద్ధగా, రోజువారీ లెక్కతో సహా, తప్పు లేకుండా కోడ్ రాసింది. పరీక్షలో ఒక పాత ఖాతాను యాప్‌లో ఎక్కించి పుస్తకంతో పోల్చినప్పుడు వడ్డీ పన్నెండో వంతుకు పడిపోయి కనిపించింది. స్పష్టంగా లేనిచోట అడగడం బృందం బాధ్యతా, స్పష్టంగా రాయడం కొనేవాడి బాధ్యతా అన్న వాదన కొంత నడిచింది. నా అభిప్రాయంలో ధర నిర్ణయించి ఒప్పుకున్న బృందానికి ప్రశ్న అడగడం వల్ల లాభం లేదు, ఎందుకంటే ప్రతి ప్రశ్నా పనిని పెంచుతుంది. గంటల లెక్కన పనిచేసే బృందం అడుగుతుంది గాని, బిల్లు పెరుగుతుంది. ఈ రెండు పద్ధతుల్లో ఏది ఎంచుకున్నా ఆ నష్టం ఏదో ఒక రూపంలో కొనేవాడి మీదే పడుతుంది. దానికితోడు ఇరుపక్షాలూ మర్యాదస్తులే కావడంతో, సమావేశంలో ఇద్దరికీ పరాయిదైన ఇంగ్లీషులో అన్నిటికీ తలూపుకుని లేచేవాళ్లం. సమావేశం ముగిసిన వెంటనే ఏం నిర్ణయించారో వాళ్ల చేతే రాయించి తెప్పించుకోవడం మొదలుపెట్టాక గాని అపార్థాలు తగ్గలేదు.

అన్నిటికంటే ఖరీదైన మార్పు వాటాలది. యాప్ మూల నిర్మాణంలో ఒక చెరువుకు ఒక యజమాని, ఒక యజమానికి ఒక ఫోన్ నంబరు. మన దగ్గర చెరువు భూమి ఒకరిది, లీజు మరొకరిది, పంట పెట్టుబడి నలుగురిది. ఒకాయనది సగం వాటా, మరొకాయనది పావలా వాటా, మిగిలిన పావలాను ఇద్దరు బావమరదులు పంచుకుంటారు. వీళ్లలో ఒకరు పంట మధ్యలో తన వాటాను ఇంకొకరికి అమ్ముకుని తప్పుకోవచ్చు, అప్పటివరకు తెచ్చిన మేత బాకీ మాత్రం పాత వాటాల ప్రకారమే తేలాలి. అదే మనిషి పక్క చెరువులో వేరే ముగ్గురితో వేరే వాటాలో ఉండవచ్చు. ఒకరు మాకు ముందుగా అడ్వాన్సు కడితే అది ఆయన వాటాకే జమ కావాలి తప్ప చెరువు మొత్తానికి కాదు. దీనికితోడు భీమవరం పరిసరాల్లో సత్యనారాయణరాజు అన్న పేరుతో మా పుస్తకాల్లోనే ఎందరున్నారో లెక్క పెట్టడం నాకు చేతకాదు. గుమస్తాలు ఊరి పేరుతోనో, తండ్రి పేరుతోనో, చెరువు గట్టు మీది చెట్టు పేరుతోనో గుర్తుపడతారు. తండ్రీ కొడుకులు ఒకే ఫోన్ నంబరు ఇవ్వడం మామూలే కాబట్టి, ఆ నంబరుతో మనిషిని గుర్తించే పద్ధతి మొదటి రోజే కూలిపోయింది.

ఇది కొత్త బటన్ చేర్చినంత పని కాదని ఆ బృందం నాయకుడు ఓపికగా వివరించాడు, ఆ వివరణ న్యాయమైనదే. యజమాని, చెరువు, ఖాతా అన్న మూడు పట్టికల మీద నిలిచిన నిర్మాణాన్ని, ప్రతి పంటకూ విడిగా వాటాలు ఉండేలా, ఆ వాటాలకు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉండేలా తిరగరాయవలసి వచ్చింది. అప్పటికే తయారైన నివేదికలన్నీ దానితో మారాయి. ఈ ఒక్క మార్పుకు అడిగిన అదనపు మొత్తం అసలు ఒప్పంద విలువలో మూడో వంతుకు దగ్గరగా ఉంది. ఈ విషయం ముందే ఎందుకు బయటపడలేదని తరువాత ఆలోచిస్తే, వాళ్లలో ఒక్కరైనా పట్టుబడి రోజున మా దుకాణం బల్ల పక్కన ఒక పూట కూర్చుని ఉంటే చాలని అనిపిస్తుంది. ఖాతా తేల్చుకోవడానికి ఒక చెరువు తరఫున ఐదుగురు రావడం, ఐదుగురూ ఒకేసారి మాట్లాడడం చూసినవాడు ఒక చెరువుకు ఒక యజమాని అని రాయడు.

తెలుగు అక్షరాల సంగతి సాంకేతికంగా ఆసక్తికరమైనది. తెరమీద పేర్లు చక్కగా కనిపించేవి, పీడీఎఫ్ రసీదులో మాత్రం వత్తులు ఊడిపోయి, సత్యనారాయణలో 'త్య' రెండు ముక్కలయ్యేది. యూనికోడ్‌లో ఆ అక్షరం త, పొల్లు, య అన్న మూడు సంకేతాలుగా నిలువ ఉంటుంది; వాటిని కలిపి గీయడానికి ఫాంటులోని నియమాలను చదివే యంత్రాంగం అవసరం. వాళ్లు వాడిన పీడీఎఫ్ లైబ్రరీ ఒక్కో సంకేతాన్నీ విడిగా గీసేది. వియత్నామీస్ లిపి లాటిన్ అక్షరాల మీద గుర్తులు పెట్టేది, ఆ గుర్తులతో కూడిన అక్షరాలకు యూనికోడ్‌లో విడి సంకేతాలే ఉన్నాయి, అందువల్ల వాళ్ల సొంత యాప్‌లో ఈ లోపం ఎన్నడూ కనబడలేదు. చివరకు రసీదును ముందు వెబ్ పేజీగా తయారుచేసి, క్రోమ్ బ్రౌజర్ యంత్రాంగంతోనే పీడీఎఫ్‌గా మార్చేలా చేశారు, ఫాంటుగా నోటో సాన్స్ తెలుగు పెట్టారు. దీనికి అదనంగా డబ్బు అడగకపోవడం మెచ్చుకోదగినది. మీరు ఏ దేశపు బృందంతో పనిచేసినా తొలి వారంలోనే వత్తులూ గుణింతాలూ నిండిన పేర్లతో ఒక రసీదు ముద్రించి చూపించమనండి.

నెట్‌వర్క్ లేకపోయినా నమోదు ఆగకూడదన్న షరతు మాత్రం ఒప్పందంలో ముందే ఉంది. కొల్లేరు వైపు కొన్ని చెరువుల గట్లమీద సిగ్నల్ వచ్చీపోతూ ఉంటుంది. యాప్ సమాచారాన్ని ఫోన్‌లోనే దాచుకుని, సిగ్నల్ దొరికినప్పుడు పంపుతుంది. ఆ పని మాత్రం తొలిసారే బాగా చేశారు.

క్యాలెండర్ల సంగతి ఎవరూ ముందుగా చూసుకోలేదు. 2024 జనవరిలో భోగి, సంక్రాంతి, కనుమ 14, 15, 16 తేదీల్లో వచ్చాయి. సంక్రాంతికి భీమవరంలో ఎవరి చేతా పని చేయించలేమన్నది ఈ ప్రాంతం సంగతి తెలిసినవారికి చెప్పనక్కరలేదు. మేము తేరుకుని పరీక్షల ఫలితాలు పంపేసరికి అక్కడ టెట్ పండుగ (వియత్నాం కొత్త సంవత్సరం) సన్నాహాలు మొదలయ్యాయి. ఆ ఏడాది వాళ్ల కొత్త సంవత్సరం ఫిబ్రవరి 10న పడింది, ముందూ వెనుకా కలిపి ఆఫీసు మొత్తం ఖాళీ అయింది. వేసవి పంటకు సీడు వేసే సమయానికి యాప్ చేతికి రావాలన్నది మా లక్ష్యం కాబట్టి ఈ విరామం గట్టిగానే తగిలింది. సెలవుల తరువాత మా పని చూస్తున్న సీనియర్ ప్రోగ్రామర్ ఉద్యోగం మారాడు. కొత్తగా వచ్చినవాడికి వాటాల లెక్కను మళ్లీ మొదటి నుంచి మేమే చెప్పాం.

ఇక డబ్బు సంగతి. కొటేషన్‌లో కనబడనిది ఇక్కడే ఎక్కువ. ఒప్పందం 18 వేల డాలర్లకు కుదిరింది, డాలరు 83 రూపాయల ప్రాంతంలో ఉన్న రోజుల్లో అది సుమారు 15 లక్షల రూపాయలు. విదేశీ సంస్థ నుంచి సేవ దిగుమతి చేసుకుంటే జీఎస్టీని రివర్స్ చార్జి పద్ధతిలో కొన్నవారే 18 శాతం కట్టాలి. చాలా వ్యాపారాలకు ఇది క్రెడిట్‌గా తిరిగి వస్తుంది కాబట్టి పెద్ద విషయం కాదు. కాని రొయ్యల మేత మీద జీఎస్టీ లేదు, మినహాయింపు ఉన్న సరుకు అమ్మకానికి సంబంధించిన మేరకు క్రెడిట్ రాదు. ప్రోబయోటిక్స్, విడిభాగాల అమ్మకాల నిష్పత్తి మేరకు దక్కిన కొద్దిపాటి క్రెడిట్ పోగా మిగిలినదంతా మాకు ఖర్చుగానే మిగిలింది. ధర సరిపోల్చేటప్పుడు మేత వ్యాపారులూ, మినహాయింపు సరుకు అమ్మే మరే వ్యాపారులైనా ఈ లెక్కను ముందే వేసుకోవాలి.

దానిపైన ఆదాయపు పన్ను ఉంది. మేము చెల్లింపులు చేసిన కాలంలో 1961 నాటి చట్టంలోని 195వ సెక్షన్ ప్రకారం విదేశీయులకు చెల్లించే సాంకేతిక సేవల రుసుము మీద పన్ను కోయవలసి ఉండేది, ఆ రేటును 2023 ఆర్థిక చట్టం 10 శాతం నుంచి 20 శాతానికి పెంచింది, సెస్సు అదనం. వియత్నాంతో మనకు ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం ఉంది గాని, దాని ప్రయోజనం పొందాలంటే అక్కడి పన్ను శాఖ ఇచ్చే నివాస ధ్రువపత్రం, దానితోపాటు ఆ సంస్థ తన వివరాలతో ఇచ్చే ఫారం 10ఎఫ్ కావలసి ఉండేది. ఆ పత్రం వచ్చేదాకా తొలి వాయిదా మా బ్యాంకులో ఆగింది. ప్రతి చెల్లింపుకూ ఆడిటర్ చేత 15సీబీ అన్న ధ్రువపత్రం, మా తరఫున 15సీఏ అన్న ప్రకటన పన్ను శాఖకు సమర్పించడం మరో పని అయింది. ఒప్పందంలో "పన్నులు పోగా నికర మొత్తం" అన్న మాట ఉంటే ఆ పన్ను కూడా కొన్నవారి నెత్తినే పడుతుంది. మా ముసాయిదాలో ఆ మాట ఉంది. సంతకానికి ముందు మా ఆడిటర్ దాన్ని తీయించారు, ఆయన ఫీజుకు అది ఒక్కటే సరిపోయింది.

కోడ్ ఎవరిది అన్న ప్రశ్నను చాలామంది చివర అడుగుతారు. మన కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగి రాసిన కోడ్ యజమానిది అవుతుంది, కాని బయటి కాంట్రాక్టరు రాసినది డబ్బు కట్టినంత మాత్రాన కట్టినవారిది కాదు. లిఖితపూర్వకంగా, సంతకంతో హక్కులు బదిలీ చేయించుకోవాలి. ఆ బదిలీలో కాలపరిమితి చెప్పకపోతే 19వ సెక్షన్ దాన్ని ఐదేళ్లుగా, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకే అని భావిస్తుంది. మా ఒప్పందానికి భారతీయ చట్టం వర్తించేలా రాసుకున్నాం కాబట్టి ఈ రెండూ విడిగా రాయించాం. వాళ్ల పాత యాప్ నుంచి తెచ్చిన భాగాల మీద మాత్రం మాకు వాడుకునే అనుమతి తప్ప యాజమాన్యం లేదు. వివాదం వస్తే సింగపూర్‌లో మధ్యవర్తిత్వం అన్న షరతుకు ఒప్పుకున్నాం గాని, మా స్థాయి వ్యాపారానికి అది అలంకారం లాంటిదే. అక్కడ లాయరును పెట్టుకునే ఖర్చు మొత్తం ఒప్పంద విలువను మించుతుంది. నిజమైన రక్షణ వేరే చోట ఉంది. కోడ్ భాండాగారం మా ఖాతాలో ఉండాలి, క్లౌడ్ సర్వర్ బిల్లు మా కార్డు మీద ఉండాలి, ప్లే స్టోర్ ఖాతా మా సంస్థ పేరున ఉండాలి, చివరి వాయిదా కనీసం పావు వంతు ఉండాలి, అది మా మనిషి సొంతంగా యాప్‌ను మొదటి నుంచి నిర్మించి నడిపించి చూపించిన తరువాతే చెల్లించాలి. సర్వర్‌ను వాళ్ల ఖాతాలోనే ఉంచుతామని వాళ్లు సౌకర్యంగా చెప్పారు, మేము ఒప్పుకోలేదు. ప్రోగ్రామర్ మారినప్పుడు పని ఆగినా చేసిన పని చెదరకపోవడానికి ఈ పట్టుదలే కారణం.

పని సగంలో ఉండగా మేము చేసిన ఏర్పాటు మీద నాకు మంచి అభిప్రాయం ఉంది. స్థానిక కళాశాలలో చదివి, కుటుంబ కారణాలతో ఊళ్లోనే ఉండదలచిన ఒక అమ్మాయిని జీతానికి పెట్టుకున్నాం. ఆమె కోడ్ రాయదు. ఉదయం పట్టుబడి ఖాతాలు తేలుతున్నప్పుడు బల్ల దగ్గర కూర్చుని, గుమస్తాలు చేసే లెక్కను చూసి, దాన్ని అంకెలతో సహా ఒక ఉదాహరణగా రాసి పంపుతుంది: ఈ చెరువు, ఈ వాటాలు, ఇన్ని కట్టల మేత, ఇంత అడ్వాన్సు, ఇంత తరుగు, చివరకు ఒక్కొక్కరికి రావలసినది ఇంత. బృందం ఆ ఉదాహరణలను అలాగే పరీక్షలుగా మార్చుకుంది. ఆమె వచ్చిన తరువాత అదనపు పని పేరుతో వచ్చిన బిల్లులు బాగా తగ్గాయి. ఇలాంటి మనిషి జీతాన్ని మొదటి రోజు నుంచే ప్రాజెక్టు వ్యయంలో కలుపుకుంటే విదేశీ ధర, స్థానిక ధర మధ్య తేడా చాలావరకు కరిగిపోతుంది, మాకు అలాగే కరిగింది.

మళ్లీ వాళ్లకే ఇస్తామా అంటే, మేత వినియోగం, చెక్ ట్రే, రొయ్య పెరుగుదల అంచనా వంటి చెరువు శాస్త్రానికి సంబంధించిన భాగాలకు నిస్సందేహంగా ఇస్తాం. అక్కడ వాళ్లకు ఉన్న అనుభవం ఈ చుట్టుపక్కల దొరకదు. అప్పు, వడ్డీ, వాటాలు, రసీదుల భాగాన్ని ఇవ్వం. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, బాకీలు పరీక్ష కోసం విదేశానికి పంపేటప్పుడు మార్చి పంపాలన్న నియమం కూడా ఇప్పుడు పెట్టుకున్నాం. సేవను పది మార్కులకు కొలిస్తే కోడ్ నాణ్యతకు ఎనిమిది, మాట నిలబెట్టుకోవడానికి ఏడు, అడగవలసినది అడగడానికి నాలుగు ఇస్తాను. ఈ ఏడాది నిర్వహణ ఒప్పందాన్ని నెలవారీ రుసుముతో పొడిగించాం, దానిలో టెట్ వారాల్లో అత్యవసర సహాయానికి ఒక మనిషి పేరు, నంబరు రాయించాం. ఖాతాల భాగాన్ని కాకినాడలోని ఒక చిన్న బృందం చూసుకుంటోంది.